కింది రెప్ప లోపల సన్నటి గీత: కంటి ఆయింట్‌మెంట్‌తో నా అనుభవం

మందుల చీటీ మీద కంటి ఆయింట్‌మెంట్ గురించి ఉండేది ఒక్క లైనే. రాత్రి పడుకునే ముందు, కుడి కంట్లో. అంతే. ఆ జిడ్డు ముద్దని కంట్లోకి ఎలా పంపాలి, రెప్ప పైన రాయాలా లోపల పెట్టాలా, పెట్టాక ఎదుటి మనిషి కూడా మసకగా కనిపిస్తుంటే భయపడాలా వద్దా, ఇవేవీ అందులో ఉండవు. చుక్కల మందు ఎవరైనా ఎలాగోలా వేసుకుంటారు, తంటా అంతా ఆయింట్‌మెంట్‌తోనే. నాకూ, నా తర్వాత మా పాపకూ కంట్లో బాక్టీరియా ఇన్ఫెక్షన్ వచ్చి ఇద్దరం ఈ ట్యూబులతో కొన్నాళ్లు కాపురం చేశాం కాబట్టి ఏం జరిగిందో, ఏది పనిచేసిందో వివరంగా రాస్తున్నాను.

నాకు ముందు కుడి కన్ను ఎర్రబడింది, నలక పడినట్టు గరగర. మర్నాడు పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోయి ఉన్నాయి, చిక్కటి పసుపుపచ్చ పుసి, తుడిచిన కాసేపటికే మళ్లీ చేరుతోంది. ఇంకొకరైతే ఒకట్రెండు రోజులు చూద్దాంలే అనుకోవచ్చేమో గానీ నేను కాంటాక్ట్ లెన్సులు వాడతాను. లెన్స్ వాడేవాళ్లకు కన్ను ఎర్రబడితే అది పైపొర ఇన్ఫెక్షనే అయ్యుండాలని లేదు, నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, అంటే కార్నియా మీద పుండు పడుతుండొచ్చు, అక్కడ ఆలస్యం చేస్తే చూపుకే ఎసరు. అందుకని లెన్సు తీసేసి, కళ్లజోడు పెట్టుకుని, ఆరోజే కళ్ల డాక్టర్‌గారి దగ్గరికి వెళ్లాను.

ఆవిడ ట్యూబు రాసిచ్చే ముందు అడిగినవి ఇవి: నొప్పి గట్టిగా ఉందా లేక గరగరేనా, వెలుతురు చూడలేకపోతున్నారా, పుసి తుడిచాక చూపు మామూలుగా ఉంటోందా. ఈ మూడో ప్రశ్న నాకు బాగా నచ్చింది. పుసి అడ్డం వచ్చి మసకగా ఉంటే తుడవగానే తేటపడుతుంది, తుడిచినా మసక పోలేదంటే లోపల ఇంకేదో ఉన్నట్టు. తర్వాత నారింజరంగు అద్దిన సన్నటి కాగితపు పట్టీని తడిపి రెప్ప లోపల అలా తాకించారు, కన్నీళ్లన్నీ పసుపుపచ్చగా మారిపోయాయి, లైట్లు ఆర్పి నీలం వెలుగులో చూశారు. కార్నియా మీద గీత గానీ పుండు గానీ ఉంటే ఆ చోటు ఆకుపచ్చగా మెరుస్తుందట. నాకు ఏమీ మెరవలేదు. మెరిసుంటే కథ వేరు, ఆయింట్‌మెంట్‌తో సరిపెట్టే పని కాదు, గంటగంటకూ చుక్కలు వేసుకుంటూ రోజూ చూపించుకోవాల్సి వచ్చేదన్నారు.

అసలు ఇది బాక్టీరియా వల్లే అని ఎలా చెప్తున్నారు అని అడిగాను, ఎందుకంటే పెద్దవాళ్లలో వచ్చే కండ్లకలక ఎక్కువగా వైరస్‌దేనని విన్నాను. నిజమేనన్నారు. వైరస్ అయితే నీళ్లలాంటి స్రావం ఎక్కువ, తరచుగా జలుబో గొంతునొప్పో తోడుంటుంది, చెవి ముందు చిన్న బిళ్ల కట్టడం కూడా ఉంటుంది, ఒక కంటితో మొదలై రెండోదానికి పాకుతుంది. ఎలర్జీ అయితే దురదే దురద, రెండు కళ్లూ ఒకేసారి. బాక్టీరియాది మాత్రం ఈ చిక్కటి పుసి, పొద్దున అతుక్కునే రెప్పలు. నూటికి నూరుపాళ్లు లక్షణాలతోనే చెప్పలేం గానీ అన్నీ కలిపి చూసి నిర్ణయిస్తారట. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పారు: బాక్టీరియా కండ్లకలక తేలికగా ఉంటే చాలామందికి వారం పది రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది, మందు వాడితే ఇంకాస్త తొందరగా తగ్గుతుంది, ఇంట్లో వాళ్లకు అంటడం తగ్గుతుంది. లెన్స్ వాడే మనిషి కాబట్టి నా విషయంలో చూద్దాంలే అనే మాటే లేదన్నారు. లెన్స్ వాడేవాళ్లను పట్టుకునే సూడోమొనాస్ అనే మొండి బాక్టీరియా మీద కూడా పనిచేసేది కావాలని టోబ్రామైసిన్ రాశారు, పగలు 0.3 శాతం చుక్కలు, రాత్రికి అదే మందు ఆయింట్‌మెంట్‌గా.

ఒకే మందు రెండు రూపాల్లో ఎందుకు? కంటి చుక్క ఒకటి సుమారు 30 నుంచి 50 మైక్రోలీటర్లు ఉంటుంది, రెప్ప సందులో పట్టేది 30 దాకానే. మిగిలింది చెంప మీదికో, ముక్కులోకి దిగే సన్న గొట్టంలోకో పోతుంది, ఉన్న కాస్తనీ కన్నీళ్లు కొద్ది నిమిషాల్లో కడిగేస్తాయి. ఆయింట్‌మెంట్‌లో మందుని తెల్ల పెట్రోలియం జెల్లీ, లిక్విడ్ పారాఫిన్ లాంటి జిడ్డులో కలుపుతారు, అది ఒంటి వేడికి మెల్లగా కరుగుతూ మందుని చాలాసేపు కంట్లో నిలబెడుతుంది. దానికి మనం చెల్లించే మూల్యం మసక. అందుకే పగలు పని చేసుకునేవాళ్లకు చుక్కలు, పడుకునేటప్పుడు ఆయింట్‌మెంట్ అనే ఏర్పాటు.

ఇక వేసుకోవడం. ముందు చేతులు సబ్బుతో కడుక్కుని పుసి మొత్తం తీసేయాలి, ఇది వదిలేస్తే మందు కంటికి తగలదు, పుసి మీద కూర్చుంటుంది. కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి, ముక్కు వైపు మూల నుంచి బయటికి ఒక్కసారి తుడిచి, ఆ దూది పారేసి మళ్లీ కొత్తది. గట్టిపడిన పుసిని గోకకూడదు, గోరువెచ్చటి తడి దూదిని రెప్పల మీద రెండు నిమిషాలు పెట్టుకుంటే అదే నాని వస్తుంది. వెంట్రుకలు ఊడకుండా పుసి వచ్చే దారి ఇదొక్కటే.

కొత్త ట్యూబు మూతి సీలు వేసి ఉంటుంది, మూత వెనకవైపు ఉండే మొనతో పొడిస్తే చిల్లు పడుతుంది (సూదో పిన్నో వాడొద్దు, క్రిములు లేకుండా తయారుచేసిన మందుని మన చేత్తో మనం పాడుచేసుకున్నట్టవుతుంది). ట్యూబుని వేయబోయే ముందు కాసేపు గుప్పిట్లో పట్టుకుంటే లోపలిది కాస్త మెత్తబడుతుంది. ఈ చిట్కా వల్ల నాకు సగం పని తేలికైంది, చల్లగా ఉన్నప్పుడు బిగుసుకుపోయి ఎంత నొక్కినా రాదు, వచ్చిందంటే ఒక్కసారే బోలెడు.

తల వెనక్కి వాల్చి, ఎడంచేతి చూపుడువేలితో కింది రెప్పని కిందికి లాగితే రెప్పకీ తెల్లగుడ్డుకీ మధ్య చిన్న సంచిలా తెరుచుకుంటుంది. మందు పడాల్సింది అందులో. నల్లగుడ్డు మీద కాదు, రెప్ప వెంట్రుకల మీద అసలే కాదు. కళ్లు పైకి పెట్టాలి, డాక్టర్‌గారు "ఇంకా పైకి చూడండి, కప్పు వైపు కాదు, మీ నుదుటి వైపు" అన్నారు, అలా చూస్తే కార్నియా పైకి పోయి దారికి అడ్డం లేకుండా ఉంటుంది, పైగా ట్యూబు మూతి ఎదురొస్తుంటే రెప్ప కొట్టుకోదు. ముక్కు వైపు మూల నుంచి చెవి వైపుకి సుమారు ఒక సెంటీమీటరు, చిటికెన వేలి గోరు వెడల్పంత సన్నటి గీత చాలు. ఎక్కువ పెడితే ఎక్కువ పనిచేయదు, చెంప మీదికి కారుతుంది అంతే.

అసలు చిక్కు ఆ గీత చివర్లో వస్తుంది. నొక్కడం ఆపినా ముద్ద తెగదు, ట్యూబు మూతికి వేలాడుతూనే ఉంటుంది, తీసేటప్పుడు దాంతో పాటే బయటికొచ్చి వెంట్రుకలకు చుట్టుకుంటుంది. తెంపడానికి మూతిని రెప్పకి ఆనించి గీరాలనిపిస్తుంది, అదొక్కటే చేయకూడదు, మూతి కంటికి తగిలిందంటే అక్కడి క్రిములు ట్యూబులోకి ఎక్కుతాయి. మణికట్టుని చిన్నగా ఒక మెలిక తిప్పితే గీత తెగి లోపల ఉండిపోతుంది. చెప్పడానికి ఇంతే గానీ అది చేతికి పట్టుబడేదాకా అద్దం ముందు నా మొహం నేను చూసుకోలేకపోయాను. పడ్డాక కళ్లు మెల్లగా మూసుకోవాలి, గట్టిగా బిగించకూడదు, మూసిన రెప్పల కింద గుడ్లని అటూ ఇటూ ఒక నిమిషం తిప్పితే అంతా పరుచుకుంటుంది. బయటికొచ్చినది శుభ్రమైన టిష్యూతో తుడుచుకుని మళ్లీ చేతులు కడుక్కోవడమే.

చుక్కలూ ఆయింట్‌మెంటూ రెండూ వేసుకునే పూట ముందు చుక్కలే, ఐదు పది నిమిషాలు ఆగి ఆయింట్‌మెంట్. వరస తిరగేస్తే జిడ్డు పొర మీద చుక్క జారిపోతుంది.

మసక గురించి ముందే తెలిసినా మొదటి రాత్రి కొంచెం టెన్షన్ పడ్డాను. గోడ గడియారం మీద ముళ్లు కనిపించలేదు. అది మందు లోపల ఉందనడానికి గుర్తు, కరిగేకొద్దీ తేటపడుతుంది, తేటపడేదాకా బండి తోలకూడదు. పొద్దున లేచాక రెప్పల అంచున పేరుకున్న పసుపుపచ్చటి జిడ్డుని చూసి పుసి పెరిగిందేమో అనిపిస్తుంది. రెండు వేళ్ల మధ్య రుద్ది చూస్తే తెలిసిపోతుంది, మిగిలిపోయిన ఆయింట్‌మెంట్ వెన్నలా జారుతుంది, పుసి తీగలు సాగుతుంది లేదా పెళుసుగా రాలుతుంది. నాకు ఒకట్రెండు రోజుల్లోనే ఈ తీగలు సాగేది తగ్గిపోయింది, ఎరుపు మాత్రం మెల్లగా పోయింది. రెండు మూడు రోజులు వాడినా మార్పు లేకపోతే తిరిగి రమ్మన్నారు, తగ్గినట్టే ఉన్నా చెప్పిన రోజులన్నీ వాడమన్నారు.

నా టవలు, దిండు గలీబు వేరు పెట్టుకున్నా పాపకి అంటుకోనే అంటుకుంది. చిన్నపిల్లల చేతులు కదా, ఎక్కడ ఆగుతాయి. మా ఆవిడ "మీ ట్యూబు ఉందిగా, అదే వేద్దాం" అంది, ఎందుకొద్దో డాక్టర్‌గారే చెప్పారు. ఒకరి కంటి దగ్గర తెరిచిన ట్యూబు ఇంకొకరికి వాడకూడదనేది ఒకటి, పాపకి సూడోమొనాస్ భయం లేదు కాబట్టి అంత పెద్ద మందు అక్కర్లేదనేది రెండోది. ఎరిత్రోమైసిన్ 0.5 శాతం ఆయింట్‌మెంట్ ఇచ్చారు, చుక్కలు లేవు. పిల్లలు చుక్క పడగానే ఏడుస్తారు, ఏడిస్తే మందంతా కన్నీళ్లతోనే పోతుంది. ఆయింట్‌మెంట్‌కి ఆ బాధ లేదు.

పట్టుకుని వేయడం మాత్రం యుద్ధమే. పడుకోబెట్టి, మా ఆవిడ తల పట్టుకుని, "పైన ఏముందో చూడమ్మా" అంటూ ఉండగా నేను గీత పెట్టాలి. నిద్రపోయాక వేయడం ఎంతో సులువని త్వరగానే తేలింది, కింది రెప్ప మెల్లగా లాగి పెట్టేస్తే ఒకసారి మూలిగి అటు తిరిగి పడుకునేది. పగటి మోతాదులకి ఎటూ యుద్ధం తప్పలేదు. నెలలోపు పసికందులకు కళ్లు పుసికడితే మాత్రం ఇలాంటి ఇంటి పద్ధతులేవీ పనికిరావు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందేనని ఆ సందర్భంలోనే చెప్పారు, కాన్పు సమయంలో సోకే గనేరియా ఇన్ఫెక్షన్ కార్నియాని చాలా త్వరగా తినేస్తుంది.

ఈ గొడవంతా విని మా పిన్ని ఫోన్ చేసింది. "నాకూ రెండు కళ్లూ ఎర్రబడి దురద పెడుతున్నాయిరా, నీ దగ్గర మిగిలిన మందు పంపవా?" పుసి ఉందా పిన్నీ అంటే లేదు, నీళ్లు కారుతున్నాయంది. పంపలేదు, డాక్టర్‌కి చూపించమన్నాను, కాసేపు అలిగింది గానీ వెళ్లింది, ఎలర్జీ అని తేలింది. పిన్ని ఇంట్లో అంతకుముందెప్పుడో ఎవరికో రాసిన ట్యూబు ఒకటి ఉందట, పేరు చదివి వినిపించమంటే యాంటీబయాటిక్‌తో పాటు డెక్సామెథాసోన్ అని కూడా ఉంది. అది స్టెరాయిడ్. ఎరుపు చిటికెలో తగ్గిస్తుంది కాబట్టి మంచి మందని పేరు, కానీ ఆ ఎరుపు హెర్పిస్ వైరస్ వల్లో ఫంగస్ వల్లో వచ్చిందైతే లోపల పుండుని పెంచి పోషిస్తుంది, ఎక్కువ కాలం వాడితే కంటి ప్రెషర్ పెరుగుతుంది. ఈ రకం కలగలుపు ట్యూబుల్ని చీటీ లేకుండా ముట్టుకోకపోవడమే నయం. అలాగే ఒంటి మీద పుళ్లకి రాసే యాంటీబయాటిక్ క్రీములు కంటికి కావు, మందు పేరు ఒకటే అయినా సరే, కంట్లో వేసేదాని మీద కంటికి అని విడిగా రాసి ఉంటుంది.

ట్యూబు తెరిచిన తేదీ మార్కర్‌తో దాని మీదే రాశాను, తెరిచిన 28 రోజులకి ఎంత మిగిలినా పారేయడం మామూలు పద్ధతి, డబ్బా మీది ఎక్స్‌పైరీ తెరవని ట్యూబుకి. పాపదీ నాదీ రెండూ సగం పైనే మిగిలాయి, రెండూ చెత్తబుట్టలోకి పోయాయి.

లెన్సుల సంగతి చివరికి అడిగాను. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు కంట్లో ఉన్న జత, అవి పెట్టుకునే డబ్బా, తెరిచి ఉన్న ద్రావణం సీసా మొత్తం పారేయమన్నారు. కన్ను తెల్లబడి, పుసి పూర్తిగా పోయి, మందు ఆపి కనీసం ఒక రోజు గడిచాకే కొత్త జత. నేను ఇంకొన్నాళ్లు కళ్లజోడుతోనే కానిచ్చేశాను, పాప నా జోడు లాక్కోవడం అలవాటు చేసుకుంది, అది వేరే గొడవ.