రైతుబజార్ ముందు ఒక్క టక్

పొద్దున ఇంటి దగ్గర ఒక్క సెల్ఫుకే బండి అందుకుంది. పటమట రైతుబజార్ ముందు ఆపి, అమ్మను కార్లోనే కూర్చోబెట్టి, గోంగూర, బెండకాయలు తీసుకుని పది నిమిషాల్లో వచ్చేశాను. తాళం తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు. మళ్లీ తిప్పాను. అదే టక్. లైట్లు వెలుగుతున్నాయి, హారన్ మోగుతోంది, ఇంజను మాత్రం ఉలకదు పలకదు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. అమ్మ కొంగుతో విసురుకుంటుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఆటోనగర్ దగ్గరే కాబట్టి మెకానిక్ తొందరగానే వచ్చాడు. బ్యాటరీకి మీటరు పెడితే 10.5 వోల్టులు చూపించింది. "ఒక సెల్లు పోయిందమ్మా" అన్నాడు.

"ఇప్పుడే కదా బాబూ స్టార్టయింది!"

అప్పుడు చెప్పాడు. లోపల ఆరు సెల్లులు, ఒక్కోటి 2.1 వోల్టులు, నిండా చార్జి ఉంటే మొత్తం 12.6. వేడికి ప్లేట్ల మీది సీసం ముద్ద పొడిపొడిగా రాలి అడుగున పేరుకుంటుంది. ఏదో ఒక క్షణాన ఆ పొడి రెండు ప్లేట్లకూ తగిలిందా, ఆ సెల్లు షార్టయినట్టే. సరిగ్గా 2.1 తగ్గిపోతుంది. లైట్లకీ హారన్‌కీ కాస్త కరెంటు చాలు. సెల్ఫ్ మోటారుకు ఒక్కసారిగా వంద ఆంపియర్ల పైనే కావాలి.

నాన్నగారి పాత కారయితే రోజుల ముందే గుర్... గుర్... మని మూలిగేది. ఇంధనాన్ని కొలిచి చిమ్మే ఇప్పటి ఇంజక్షన్ బండ్లు చప్పున అందుకుంటాయి, అందుకే బ్యాటరీ నీరసం బయటికి తెలియదు. మూడు వేసవులు బెజవాడ ఎండలో, నీడ లేనిచోటే పెట్టాను దీన్ని. ఒక్కోసారి తిప్పింది కూడా రెండు మూడు కిలోమీటర్లకు మించి లేదు, ఇక చార్జి ఎక్కేదెప్పుడు? హెచ్చరిక లేదనుకున్నానుగానీ, మూడేళ్లుగా లోపల రాలుతూనే ఉంది. ఇదే రాత్రిపూట హైవే మీద, అమ్మతో ఉండగా జరిగి ఉంటే? తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతోంది.

వేరే బండి నుంచి వైర్లు తగిలించి స్టార్ట్ చేయొచ్చట, కానీ సెల్లు పోయినదాన్ని నమ్ముకుంటే బ్యాటరీకి చార్జి ఎక్కించే ఆల్టర్నేటర్ మీద భారం పడుతుందన్నాడు. కొత్త బ్యాటరీయే వేయించాను. పాతదానికి కొంత తగ్గించాడు, సీసం కరిగించి మళ్లీ వాడతారట. కొత్తదాని మీద మార్కర్‌తో ఇవాళ్టి తేదీ వేయించుకున్నాను. వచ్చే ఏడాది నుంచి ఉగాది లోపే మీటరు పెట్టించాలి.

ఇంటికొచ్చేసరికి గోంగూర వాడిపోయింది. అమ్మ నీళ్లు చల్లి, ఆకు కోస్తూ కూర్చుంది.