కారు ఆగినప్పుడే ముక్కలైన మాట

శుక్రవారం సెలవు దొరకలేదు, అయినా శ్రీశైలం ప్రయాణం ఆగలేదు. "కార్లో కూర్చుని పని చేసుకోరా, బండి సంగతి నేను చూసుకుంటా" అన్నాడు బావ. పొద్దున ఎనిమిదింటికి కూకట్‌పల్లిలో బయలుదేరాం. ముందు అక్క, వెనక ఒళ్లో ల్యాప్‌టాప్‌తో నేను, పక్కన ట్యాబ్‌తో మేనకోడలు. మా ఇద్దరికీ నా ఫోన్ హాట్‌స్పాటే దిక్కు.

తొమ్మిదింటికి ఆఫీసు మీటింగ్. అప్పటికి గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాం. కారు కదలడం లేదు, సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, నా గొంతు మాత్రం అవతలివాళ్లకు ముక్కలు ముక్కలుగా వెళ్తోంది. ఆ గీతలు టవర్ నుంచి సిగ్నల్ ఎంత బలంగా అందుతోందో చెబుతాయి గానీ, దాని మీద ఎంతమంది పడ్డారో చెప్పవు. చుట్టూ కార్లు, క్యాబ్‌లు, ఆఫీసు బస్సులు, పక్కన అద్దాల మేడలు. అందరి చేతుల్లోనూ ఫోన్లే. పెళ్లిలో ఆఖరి బంతికి కూర్చున్నవాడి పరిస్థితి నాది.

ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాక బావ వందకు పట్టాడు. ఇక కాల్ పోయినట్టే అని టెన్షన్ పడ్డాను. చిత్రం, అప్పుడే మాట స్పష్టంగా వినిపించింది. నిజానికి 4జీని గంటకు 350 కిలోమీటర్ల వేగంలో కూడా అందేలా తయారుచేశారు, మా కారు వేగం దానికి లెక్కే కాదు. చిక్కల్లా ఒక టవర్‌ను వదిలి ఇంకోదాన్ని పట్టుకునే ఆ క్షణంలోనే. 5జీ ఎక్కువగా 3500 మెగాహెర్ట్జ్ దరిదాపుల్లో నడుస్తుంది, ఆ తరంగాలు అంత దూరం పోవు. దాంతో ఫోన్ 4జీకి దిగుతూ, మళ్లీ ఎక్కుతూ ఉంటుంది. నార్సింగి దాటేలోపే రెండుసార్లు కాల్ తెగింది.

"5జీ తీసేసి 4జీ మీదే పెట్టరా" అన్నాడు బావ, రోజూ ఔటర్ మీద తిరిగే మనిషి. పెట్టాను. తుక్కుగూడ దాకా మళ్లీ తెగలేదు. ఈ ముక్క గచ్చిబౌలిలోనే చెబితే ఏం పోయేదో!

నాకు మండింది ఇంకోటుంది. నా కాల్ తెగిన రెండుసార్లూ పక్కన పిల్ల వీడియో మాత్రం హాయిగా నడిచింది. వీడియో ముందున్న భాగాన్ని ముందే దించి దాచుకుంటుంది. మాట్లాడబోయే మాటను దాచుకునే వీలు కాల్‌కి ఎక్కడిది?

తుక్కుగూడలో దిగి శ్రీశైలం రోడ్డెక్కాం. కడ్తాల్‌లో టీ తాగాం, కల్వకుర్తి దాటాక మీటింగ్ కూడా అయిపోయింది. మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటి నల్లమలలోకి వెళ్లాక సిగ్నల్ పూర్తిగా పోయింది. మ్యాప్‌లో మా నీలం చుక్క మాత్రం కదులుతూనే ఉంది. జీపీఎస్‌కు డేటాతో పనిలేదు, ఈ దారి మ్యాప్ ఇంటి దగ్గరే దించుకున్నాను.

దాచుకున్న వీడియో కూడా అయిపోయినట్టుంది.

"మామయ్యా, నీ హాట్‌స్పాట్ చచ్చిపోయింది!"

"కిటికీలోంచి చూడవే, కోతులున్నాయి" అంది అక్క.