చక్రాల మీద ఐదు రోజులు

నిన్న రాత్రి ఇంటికి చేరాం. కళ్లు మూసుకుంటే ఇంకా మలుపులే కనిపిస్తున్నాయి.

నలుగురు స్నేహితులం, మా కుక్క చిట్టి, వంటా నిద్రా లోపలే సాగే ఇల్లు లాంటి బండి, అంటే ఒక ఆర్‌వీ. కొండ ఎక్కేటప్పుడు ఎవరికీ భయం వేయలేదు. దిగడమే కష్టమని మూడో రోజు తెలిసింది. బ్రేకు మీద నుంచి కాలు తీయకుండా దిగుతుంటే కాసేపటికి కాలిన వాసన వచ్చింది. పక్కకు ఆపి, చక్రాలకు అడ్డు పెట్టి, బ్రేకులు చల్లారేదాకా గంటసేపు కూర్చున్నాం. పల్లం మొదలవకముందే చిన్న గేరులోకి మారాలి, అప్పుడు బండి వేగాన్ని ఇంజనే అదుపులో ఉంచుతుంది. బరువైన బండికి ఇది ప్రాణం లాంటి విషయం. ఆ తర్వాత ఒక్క దిగుడులోనూ దాన్ని మరవలేదు.

ఆ గంటంతా చిట్టి నా పాదాల మీదే పడుకుంది. గాలి వీచినప్పుడల్లా తల ఎత్తి, తడి ముక్కు అదిరేలా వాసన పట్టేది. లోయలో దానికి ఏమేం తెలిసేవో! దాన్ని చూస్తూ చూస్తూ నా చేతుల వణుకు ఎప్పుడు తగ్గిందో గమనించనే లేదు.

ఆ రాత్రి బస చేసిన చోటు దాదాపు 3,000 మీటర్ల ఎత్తు. అక్కడ నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకే బంగాళాదుంపలు ఎంతకీ ఉడకలేదు. ఆకలితోనే ఆరుబయట కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం. ఏళ్ల తర్వాత అంత మనసు విప్పి మాట్లాడుకున్నాం.

ఈ ఉదయం తలుపు తీయగానే చిట్టి పరుగున వెళ్లి బండి మెట్టు మీద కూర్చుంది.