నరం పట్టుకున్నాకే అనాటమీ దొరికింది

మొదటి ఏడాది అనాటమీ ఇంటర్నల్స్‌లో నేను ఫెయిలయ్యాను. మాది పలమనేరు దగ్గర పల్లె, పాడి మీద బతికే ఇల్లు. తిరుపతి వెటర్నరీ కాలేజీలో సీటు వచ్చినప్పుడు, పుట్టినప్పటి నుంచి ఆవుల మధ్యే ఉన్నాను కాబట్టి అనాటమీకి భయం లేదనుకున్నాను. తీరా చూస్తే ముందుకాలి కండరాల దగ్గరే ఆగిపోయాను. గేదె, గుర్రం, కుక్క, పోలికకు మనిషి. ప్రతి కండరానికీ ఎక్కడ మొదలు, ఎక్కడ ముగింపు, ఏ నరం. రాత్రి రెండింటి దాకా పట్టికలు బట్టీ పట్టేదాన్ని. పొద్దున డిసెక్షన్ హాల్లో ఫార్మాలిన్ ఘాటుకు కళ్లలో నీళ్లు, బల్ల మీద అంతా ఒకే రంగు మాంసం. ఒక్క పేరూ గుర్తొచ్చేది కాదు.

రీటెస్టు పది రోజుల్లో ఉందనగా టెన్షన్ తట్టుకోలేక మా అనాటమీ మేడం దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా నోట్‌బుక్ తిరగేసి మూసేశారు. "పేర్లు తర్వాతమ్మా. ముందు నరం పట్టుకో. ఎక్కడి నుంచి వచ్చిందో, ఎందులోకి పోయిందో చూపించు, చాలు" అన్నారు.

గేదె దూడ ముందుకాలిని పక్కకు ఎత్తితే చంకలో తెల్లటి తాళ్ల చిక్కులా ఒకటి కనిపిస్తుంది. అదే బ్రేకియల్ ప్లెక్సస్. మెడలోని 6, 7, 8వ నరాలు, ఛాతీలోని మొదటి నరం అక్కడ అల్లుకుంటాయి. మనిషిలో ఆ అల్లిక 5వ నరం నుంచే మొదలవుతుంది. ఫోర్సెప్స్‌తో పట్టుకుంటే నరం నిండుగా, గట్టిగా తగులుతుంది. ధమని బోలుగా ఉండి నొక్కితే అణుగుతుంది. ఆ తేడా నా వేళ్లకు తెలియడానికి మూడు రోజులు పట్టింది.

నాలుగో రోజు లాటిసిమస్ డార్సై. వీపు మీద వెడల్పుగా పరుచుకున్న పలచటి కండరం. వీపు మీద ఉంది కదా అని దాన్ని మొండెం కండరాల్లో రాసుకున్నాను. మేడం దాని అంచు ఎత్తి చూడమన్నారు. లోపలి వైపు సన్నటి నరం ఉంది, థొరాకోడార్సల్. దాన్ని వేలితో తడుముకుంటూ పోతే నేరుగా చంకలోని ఆ అల్లికకే చేరింది. పరుచుకున్నది వీపు మీదే గానీ ఆ కండరం కాలిది! వెన్నెముకను ఆనుకుని ఉండే లాంగిసిమస్ అలా కాదు. వెన్నుపూసల సందుల్లోంచి వచ్చే ఒక్కో నరమూ ఒక్కో పై కొమ్మను దానికి ఇస్తుంది. అసలైన మొండెం కండరం అది. ఆ కొమ్మలు వరసగా బయటపడుతుంటే నాకు ఒళ్లు జలదరించింది.

ఇక ఊపిరి ఆడించే కండరం, డయాఫ్రం. ఛాతీకీ పొట్టకూ మధ్య గోడలా ఉంటుంది, దాని నరం మాత్రం మెడ నుంచి వస్తుంది. పశువుల్లో 5, 6, 7. మనిషిలో 3, 4, 5. పిండంలో మెడ దగ్గర మొదలై కిందికి జరుగుతూ నరాన్ని వెంట తెచ్చుకుంది. కాపురం ఎక్కడున్నా పుట్టిల్లు మెడే. కండరాన్ని దాని నరంతో గుర్తుపట్టాలని 19వ శతాబ్దంలో జర్మనీకి చెందిన మాక్స్ ఫ్యూర్‌బ్రింగర్ గట్టిగా వాదించాడట. అన్నిచోట్లా నూటికి నూరుపాళ్లూ కుదరదని మేడం ముందే హెచ్చరించారు. నన్ను గట్టెక్కించింది మాత్రం ఆ సూత్రమే.

రీటెస్టు వైవాలో కుక్క ముందుకాలు పెట్టారు. "మనిషి భుజం కండరం డెల్టాయిడ్‌లో కాలర్‌బోన్ నుంచి వచ్చే భాగం దీంట్లో ఎక్కడుంది?" కుక్కకు కాలర్‌బోన్ దాదాపు లేనట్టే. మెడ నుంచి చేతి ఎముక దాకా దిగే పొడవాటి కండరంలో ఒక సన్నటి గీత మాత్రం మిగిలింది. గీత కింది భాగాన్ని ఎత్తి, అందులోకి వెళ్లే ఆక్సిలరీ నరాన్ని చూపించాను. మనిషి డెల్టాయిడ్‌కు వెళ్లేదీ ఆ నరమే. గీత పై భాగానికి వెళ్లేది వేరే నరం, ఆక్సెసరీ. సార్ తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు. పాసయ్యాను.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు నాయనకు వెనుకకాలి నరం గురించి చెప్పాను. నేను ఇంటర్లో ఉండగా మా హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) జాతి ఆవు పెద్ద దూడను కష్టంగా ఈని, లేవబోతే వెనుకకాళ్లు రెండూ పక్కలకు జారిపోయేవి. అది మళ్లీ లేవలేదు. దిష్టి తగిలిందనుకున్నాం. అబ్ట్యురేటర్ అనే నరం కటి ఎముక లోపలి గోడ వెంట దిగి, తొడలను దగ్గరికి లాగే కండరాలకు చేరుతుంది. దూడ ఇరుక్కున్నప్పుడు అది నలిగితే కాళ్లు అలాగే జారతాయి. నున్నటి నేల మీద ఉంచకుండా, కాళ్లు మరీ విడిపోకుండా రెండింటినీ కలిపి వదులుగా కట్టాలి.

నాయన చాలాసేపు మాట్లాడలేదు. "ఆ పొద్దు గచ్చు మీదే ఉంచినాం గదా పాపా" అన్నాడు చివరికి. మర్నాడు చూలావును కట్టేసే చోట ఒక ట్రాక్టర్ ఇసుక తోలించాడు.