నా నోరు వాసన చూడమ్మా

పోయిన కృష్ణాష్టమికి మా అపార్ట్‌మెంటు సెల్లారులో చిన్నికృష్ణుల పోటీ పెట్టారు. పదహారు మంది కృష్ణులు, నలుగురు రాధలు. వాళ్లలో ఒకడికి రెండేళ్లు కూడా నిండలేదు. కిరీటం కళ్ల మీదికి జారిపోతోంది, పట్టుపంచె నడుం దగ్గర పిన్నీసుల మీద నిలబడింది. ముందు కుండ, కుండలో వెన్న బదులు దూది. ఎవరో మహాతల్లి పూజ దగ్గర్నుంచి నిజం వెన్నగిన్నె తెచ్చి ఆ పక్కన పెట్టింది. వాడి చూపు దాని మీద పడింది. ఎవరూ చెప్పకుండానే నాలుగు వేళ్లూ ముంచేశాడు. వాళ్లమ్మ పరుగున వచ్చి చేతి మీద ఒక్కటిచ్చింది. "డ్రెస్సు అద్దెదిరా! మరకైతే డిపాజిట్ ఇవ్వరు!" వాడు గుక్కపెట్టాడు. ఫోటో తీసే కుర్రాడేమో "స్మైల్, స్మైల్" అంటున్నాడు.

పదహారు మందిలో స్వామి దిగివచ్చింది వాడొక్కడిలోనే. దెబ్బ కూడా వాడికే పడింది. ఆ సాయంత్రం నాకు హారతి మీద మనసు నిలవలేదంటే నమ్మండి.

ఆ అమ్మాయిని అనడానికి నాకేం అర్హత ఉందిలెండి, నేనూ కొట్టినదాన్నే. అది చెప్పాలంటే ముందు, మన్ను తిన్నాడని విని కృష్ణయ్యను యశోదమ్మ అడిగిన పద్యం చెప్పుకోవాలి.

మన్నేటికి భక్షించెదు?
మన్నియమము లేల నీవు మన్నింపవు? మీ
యన్నయు సఖులునుఁ జెప్పెద
రన్నా! మన్నేల? మఱి పదార్థము లేదే?

పోతనగారు ఏ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి విన్నారో ఈ మాటలు! "ఇంట్లో తినడానికి ఇంకేం లేనట్టు?" అని ఈ పూట కూడా ఎన్ని ఇళ్లలో వినపడిందో. కోపంలో కూడా పిల్లాణ్ణి "అన్నా" అని పిలవడం చూడండి. మనం "నాన్నా, ఎందుకురా అలా చేశావ్" అంటామే, ఆ పిలుపే. నాకు ఈ పద్యంలో గుచ్చుకునేది మొదటి మాట. "మన్నేటికి భక్షించెదు?" ఎందుకు తింటున్నావు అని అడిగింది ఆ తల్లి. అడగడం ముందు, బెత్తం సంగతి తర్వాత.

నేను అడగలేదు. మా అమ్మాయి ఒకటో తరగతిలో బలపాలు తినేది. పలక మీద రాసేది తక్కువ, కొరికేది ఎక్కువ. వారానికి ఒక డబ్బా అయిపోతుంటే అక్షరాలు దిద్దుతోందని మురిసిపోయేదాన్ని. ఒకరోజు పుస్తకాల సంచి దులిపితే అడుగున అన్నీ పంటిగాట్లున్న ముక్కలు. వీపు మీద రెండు వేశాను. తర్వాత జ్వరం వస్తే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన కింది రెప్ప లాగి చూసి, "పాపకి రక్తం తక్కువగా ఉందమ్మా. బలపాలు, మట్టి ఏమైనా తింటోందా?" అన్నారు. నేను నేల చూపులు చూశాను. ఒంట్లో ఇనుము తగ్గితే కొందరు పిల్లలకు అలాంటివి తినాలనిపిస్తుందట. ఇనుము టానిక్కు రాసిచ్చారు, దాంతో పళ్లు నల్లబడ్డాయని అది మరో గోల. "మన్నేటికి" అని నేనూ ముందు అడిగి ఉంటే ఆ రెండు దెబ్బలూ పడేవి కావు.

ఇక యశోదమ్మకు కృష్ణయ్య ఇచ్చిన సమాధానం. శార్దూలంలో నడిచే ఈ పద్యం మీ అందరికీ నోటికి వచ్చిందే.

అమ్మా! మన్ను దినంగ నే శిశువునో? యాఁకొంటినో? వెఱ్ఱినో?
నమ్మం జూడకు వీరి మాటలు మదిన్. నన్నీవు గొట్టంగ వీ
రిమ్మార్గంబు ఘటించి చెప్పెదరు; కాదేనిన్ మదీయాస్య గం
ధమ్మాఘ్రాణము జేసి నా వచనముల్ దప్పైన దండింపవే.

ఇందులో "తినలేదు" అన్న మాట ఎక్కడుందో వెతకండి. లేదు! నేనేమైనా పసివాణ్ణా, ఆకలేసిందా, పిచ్చా అని మూడు ప్రశ్నలు వేశాడు. వీళ్లు నన్ను కొట్టించడానికి పన్నారు అన్నాడు. తిన్నావా లేదా అన్న దానికి మాత్రం జవాబు లేదు. వ్యాసులవారి శ్లోకంలో "నాహం భక్షితవానంబ" అని తేటగా ఉంటుంది, నేను తినలేదమ్మా అని. మన పోతన్న ఆ ఒక్క మాటా తీసేసి మూడు ప్రశ్నలు పెట్టాడు. స్వామి చేత అబద్ధం ఆడించడం ఆయనకు మనసొప్పలేదని నేను అనుకుంటాను. లేదా బమ్మెరలో పిల్లలు కూడా మా పిల్లల్లాగే మాట్లాడేవారేమో. "ఫ్లవర్‌వాజు ఎవరు పగలగొట్టారు?" అంటే "నేనెందుకు పగలగొడతాను?" అనేవాడు మా వాడు. సమాధానం చెప్పినట్టే ఉంటుంది, చెప్పింది ఉండదు.

ఇది చాలామంది చెప్పుకునేదే. నేను ఏళ్ల తరబడి పట్టుకుని వేలాడుతున్నది మూడో పాదం చివర విరిగే మాట, "మదీయాస్య గంధమ్ము", నా నోటి వాసన అని. సంస్కృతంలో "సమక్షం పశ్య మే ముఖం" అని ఉంది. నా నోరు నువ్వే చూసుకో అని. చూడమనడాన్ని పోతన్న వాసన చూడమనడంగా మార్చాడు. ఎందుకు మార్చాడు?

చూడాలంటే దూరం నుంచైనా చూడొచ్చు. గుమ్మంలో నిలబడి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏదీ, ఆఁ అను" అంటే సరిపోతుంది. వాసన చూడాలంటే అలా కుదరదు. వంగాలి. మోకాళ్ల మీద కూర్చోవాలి. ముక్కు వాడి పెదాల దాకా వెళ్లాలి. అంత దగ్గరికి వెళ్లాక ఏ తల్లికైనా కోపం నిలుస్తుందా? ఆ సంగతి ఆ దొంగకి తెలుసు. కొట్టడానికి చెయ్యి లేవాలంటే మధ్యలో కాస్త జాగా కావాలి కదా, ఆ జాగా లేకుండా చేశాడు. "దండింపవే" అన్నాడు, దండించే వీలు మాత్రం మిగల్చలేదు.

మన పెద్దలకు ఈ వాసన సంగతి బాగా తెలుసు. విశ్వామిత్రుడి వెంట పంపేటప్పుడు దశరథుడు రాముడి తల వాసన చూసి పంపాడని వాల్మీకి రాశాడు, "మూర్ధ్న్యుపాఘ్రాయ" అని. చిన్నప్పుడు ఈ మాట వింటే నవ్వొచ్చేది, తల వాసన చూడటం ఏమిటి అని. నాకు పిల్లలు పుట్టాక అర్థమైంది. సాంబ్రాణి పొగ పట్టిన తల, ఉగ్గు వాసన, సాయంత్రానికి చెమట పట్టిన మెడ వెనక భాగం. అక్కడ ముక్కు పెట్టినవాళ్లకు వాల్మీకి ఏం చెప్తున్నాడో వేరే చెప్పక్కర్లేదు.

మా వాడి పాలపొడి కథ చెప్తాను. అప్పటికి వాడికి నాలుగేళ్లు. మధ్యాహ్నం మూడయింది, నేను అప్పుడే నడుం వాల్చాను. అక్కగారు వచ్చి ఫిర్యాదు. "అమ్మా, తమ్ముడు బియ్యం డబ్బా ఎక్కి పాలపొడి తింటున్నాడు." లేచేసరికి వాడే ఎదురొచ్చాడు. "అక్క అబద్ధం చెప్తోంది. నన్ను నీతో కొట్టించాలని. కావాలంటే నా నోరు వాసన చూడు."

ఒట్టు, పద్యం నేను వాడికి నేర్పలేదు!

వంగాను. గుప్పున పేస్టు వాసన. మధ్యాహ్నం మూడింటికి! పాలపొడి వాసన పోవాలని పేస్టు పిండుకుని నాకేశాడు. గడ్డం మీద నురగ, కనురెప్పల మీద తెల్లటి పొడి, అంగిట్లో అంటుకున్న ముద్దని నాలుకతో లాగుతూ "చూశావా, ఏం లేదు" అంటున్నాడు. పేస్టు, పాలు, కొబ్బరినూనె, ఆటల మట్టి. ఆ నోట్లో నాకు భువనాలేమీ కనపడలేదు. రెండు పుచ్చుపళ్లు కనపడ్డాయి. నాకు ఆగని నవ్వు. మా ఆయన పేపరు కిందికి దించి "ఏమైంది" అని అడిగి, జవాబు వినకుండానే మళ్లీ పైకెత్తుకున్నారు. మన్ను తిన్న ఘట్టంలో నందుడు ఎక్కడున్నాడని మా పిల్లలు అడిగితే, "పేపరు చదువుతున్నాడు" అని చెప్పేదాన్ని.

ఆ తర్వాత స్వామి నోరు తెరవడం, బ్రహ్మాండాలు, "కలయో వైష్ణవమాయయో" అని ఆ తల్లి తబ్బిబ్బవడం మీకు తెలిసిందే. పండితులు గంటలు గంటలు చెప్పేది అదే. నాకు మాత్రం ఆ తర్వాత జరిగింది ముఖ్యం. అంతా చూశాక ఆయన మళ్లీ మాయ కప్పేశాడు. అది ఎలాంటి మాయ అంటే "పుత్రస్నేహమయీం" అంటుంది భాగవతం, కొడుకు మీది ప్రేమతో నిండినది అని. వెంటనే యశోదమ్మ అదంతా మరిచిపోయి కొడుకుని ఒళ్లోకి తీసుకుంది. పద్నాలుగు లోకాలూ చూసిన మనిషికి చివరికి దక్కిన వరం ఏమిటయ్యా అంటే, అవన్నీ మరిచిపోయి మళ్లీ మట్టిమూతి తుడుచుకోవడం. మాయ అంటే తిట్టు అనుకుంటాం. ఆవిడకి అది ప్రసాదం.

అందుకే పిల్లల తల్లులతో గట్టిగానే చెప్తున్నాను, ముసలమ్మ సణుగుడు అనుకున్నా సరే. ఈసారి అష్టమికి అద్దె కిరీటం వద్దు. గుమ్మం నుంచి దేవుడి గది దాకా పాదాల స్టిక్కర్లు అతికించకండి. బియ్యప్పిండి తడిపి, పిల్లాడి పాదం అందులో ముంచి, మీరే చంకల కింద పట్టుకుని నడిపించండి. వంకరగా పడతాయి. మధ్యలో వాడు కూలబడి పిండి నాకుతాడు. నాకనివ్వండి. మా ఇంట్లో ఆ రోజు దేవకమ్మ బాలింత అని శొంఠి, బెల్లం దంచి కాయం చేసి నైవేద్యం పెడతాం, అది కాస్త నాలుకకు రాయండి, ఘాటుకి వాడు పెట్టే ముఖం చూడండి. అటుకులు, పెరుగు, వెన్న ఏవున్నా వాడి చెయ్యి పడ్డాకే ఎంగిలి అనకుండా స్వామికి చూపించండి. మడి సంగతి నాకు వదిలేయండి, అత్తగారు అడిగితే నా పేరు చెప్పండి. ఫోన్ వేరే గదిలో పెట్టేయండి. ఆ రోజు వాసన ఏ ఫోన్‌లోనూ ఎక్కదు.

మా వాడికి ఇప్పుడు ముప్ఫై దగ్గరపడుతోంది. పోయిన నెల వచ్చాడు, గడ్డం పెంచాడు. "యశోదాదేవిఁ గానో" అని ఆవిడ అనుకున్నట్టు, వీడు నా కొడుకేనా అని ఒక క్షణం చూశాను. వస్తూనే డైట్ అన్నాడు, తీపి మానేశానన్నాడు, నెయ్యి ముట్టనన్నాడు. సున్నుండల డబ్బా పై అరలోకి ఎక్కించాను. రాత్రి పదకొండింటికి వంటింట్లో మూత చప్పుడు. వెళ్లి లైటు వేశాను. ఫ్రిజ్ పక్కన చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

"సున్నుండ తిన్నావా?"

"దొంగతనంగా తినడానికి నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా?" అన్నాడు.

"ఏదీ, నోరు?" అన్నాను. ఇప్పుడు నేను వంగక్కర్లేదు. వాడే వంగాలి. వంగాడు, మీసాలకి సున్నుండ పొడితో.