తగ్గాక మొదలైన వైద్యం

నేను 104 కిలోలు ఉన్నప్పుడు, షుగర్ అంచుదాకా వచ్చేశానని డాక్టరుగారు చెప్పారు. అంతకుముందు రెండుసార్లు కడుపు మాడ్చుకుని తగ్గాను. రెండుసార్లూ పోయినదానికి మించి తిరిగొచ్చింది. ఈసారి కౌన్సెలర్ దగ్గరికి పంపారు. ఆవిడ ఏదీ మానమనలేదు. "రెండు వారాలు ఏం తిన్నారో, ఎప్పుడు తిన్నారో, అప్పుడు మనసెలా ఉందో రాయండి, చాలు" అన్నారు.

రాస్తుంటే బయటపడింది. పగటి తిండి మామూలే. రాత్రి పదిన్నర దాటి అందరూ పడుకున్నాక టీవీ ముందు కూర్చుని తినేదాన్ని. ఆకలై కాదు, రోజు మొత్తంలో నాదంటూ మిగిలేది ఆ గంటే. ఆ మాట రాసుకున్న రోజు చాలాసేపు ఏడ్చాను.

టీవీ ముందు తినడం మానేశాను. ఆ గంటలో నచ్చిన పుస్తకమో, స్నేహితురాలితో ఫోనో. వారానికి 150 నిమిషాల నడక, మొదటి లక్ష్యంగా బరువులో 7 శాతం. అమెరికాలో మధుమేహ నివారణ మీద జరిగిన పెద్ద అధ్యయనంలో పెట్టుకున్న లెక్క ఇదే. ఈ పద్ధతి పాటించినవాళ్లలో షుగర్ బారిన పడటం 58 శాతం తగ్గిందని 2002లో ప్రచురించిన ఫలితాల్లో ఉంది. ఆరు నెలల్లో నేను 95కి వచ్చాను.

అసలు కష్టం అప్పుడే మొదలైంది. ఆకలి ముందుకంటే ఎక్కువైంది. బరువు తగ్గితే కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ పడిపోతుందనీ, ఆకలి రేపే గ్రెలిన్ అనే హార్మోన్ పెరుగుతుందనీ, ఏడాది గడిచినా అవి పూర్తిగా సర్దుకోకపోవచ్చనీ కౌన్సెలర్ వివరించారు. పట్టుదల లేనిదాన్నని ఇన్నేళ్లూ నన్ను నేను తిట్టుకున్నానే! ఒక్కరైనా ఈ సంగతి ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేది.

అందుకే నెలకోసారి ఇప్పటికీ వెళ్తున్నాను. తగ్గావుగా, ఇంకా ఎందుకంటారు ఇంట్లో. బీపీ అదుపులోకొచ్చిందని మాత్ర మానేస్తామా?

అమ్మ ఆస్పత్రిలో ఉన్న మూడు వారాలు ఏమీ రాయలేదు. తిరిగొచ్చి చూసుకుంటే 97.6. పాత రోజుల్లో అయితే అంతా పోయిందనుకుని, బరువు చూసుకునే మిషన్‌ను మంచం కిందికి తోసేసేదాన్ని. 97 దాటితే ఏం చేయాలో నోటుబుక్కు మొదటి పేజీలో ముందే రాసిపెట్టుకున్నాం: మళ్లీ రోజూ రాయడం, ఆవిడకు ఫోన్ చేయడం. చేశాను.

"ఈ మూడు వారాల్లో ఎన్ని రోజులు నడవగలిగారు?" అని అడిగారు.

"నాలుగు. ఆస్పత్రి వరండాలోనే."

"అయితే ఆ నాలుగూ ముందు రాయండి" అన్నారు.