కోరంగిలో బోటు దొరకని పూట

కాకినాడలో యానాం బస్సు కోసం ముప్పావుగంట నిలబడి ఓపిక లేక ఆటో మాట్లాడుకుంటే నాలుగొందలు గుంజాడు, తీరా పొద్దున్నే కోరంగి చేరేసరికి ఆటు మొదలైపోయింది, నీళ్లు తగ్గితే బోటు కదలదన్నారు. మా పిల్లాడు మొహం వేలాడేశాడు, నాకైతే వెనక్కి వెళ్లిపోదామన్నంత చిరాకు. సర్లే ఇంత దూరం వచ్చాం కదా అని మడచెట్ల మధ్య చెక్కబాట ఎక్కాం.

కింద బురదలో బొటనవేలంత చేప, మడ్‌స్కిప్పర్. ముందు రెక్కలు రెండూ మోచేతుల్లా ఆనించి ఒళ్లు ముందుకి లాక్కుంటోంది, అంతలో తోక విదిల్చి ఒక్క గెంతు. కళ్లు నెత్తిమీద బుడిపెల్లా ఉన్నాయి, ఉన్నట్టుండి రెండూ లోపలికి దిగి మళ్లీ పైకొచ్చాయి. రెప్పల్లేవు కదా, గుంటలోకి లాక్కుని తడి చేసుకుంటుంది.

డిగ్రీలో మడ్‌స్కిప్పర్ అంటే నాకు ఫార్మలిన్ సీసాలో పాలిపోయిన స్పెసిమెన్, రికార్డులో బొమ్మేసి సంతకం పెట్టించుకున్నానంతే. ఒళ్లు తడిగా ఉన్నంతసేపు చర్మంతోనూ గాలి పీలుస్తుందని పరీక్షలో కూడా రాశా, కానీ ఇది పక్కనున్న నీటిగుంటలో ఒకసారి పొర్లి మళ్లీ నడక మొదలెట్టడం చూశాకే ఆ వాక్యం బుర్రకెక్కింది.

"నాన్నా, మనం దీన్నుంచే వచ్చామా?"

కాదురా, అని వాడి చెయ్యి పట్టుకుని చూపించా. భుజం నుంచి మోచేతి దాకా ఒక ఎముక, ముంజేతిలో రెండు. 2004లో కెనడా ఉత్తరాన మంచు దీవిలో దొరికిన టిక్టాలిక్ అనే చేప శిలాజం రెక్కలో ఇవే కనిపిస్తాయి, అది దాదాపు 37.5 కోట్ల ఏళ్లనాటిది. మన వంశం అలా రెక్కల్లో ఎముకా కండా ఉన్న కండరెక్కల చేపల వైపుది. ఈ బుజ్జిది గోబీలనే చిన్న చేపల కుటుంబం, మనతో సంబంధం లేకుండా ఎంతో తర్వాత తన దారిన తను ఒడ్డెక్కింది.

అక్కడున్న పెద్దాయన "ఇటు సూడండి బాబూ, రేత్రి నీటికుక్క తిరిగిందండి" అని అడుగులు చూపించాడు. నీటికుక్క అంటే ఆటర్, దాని వేళ్ల మధ్య పొర ఉంటుంది, ఈదడానికి. ఒకే బురదలో నీళ్లొదిలి నడుస్తున్న చేప, నేలమీది వంశంలో పుట్టి మళ్లీ నీళ్లు వెతుక్కున్న జంతువు జాడ! ఒళ్లు జలదరించింది నాకు.

మధ్యాహ్నం దాటాక పోటు తగిలింది, బోటు తీస్తున్నాం రమ్మన్నారు. మావాడు కదల్లేదు. నీళ్లు పైకొస్తుంటే ఆ చేపలు ఒక్కోటీ మడవేళ్లెక్కి అంటుకుని కూర్చుంటున్నాయి, వాడు వాటిని లెక్కెడుతున్నాడు.